పెళ్లయి రెండేళ్లయినా కలయికలో నొప్పి, కోరిక ముందుగా కలగకపోవడం: ఇది జబ్బా?

అమ్మా, మీరు అడిగింది ఇది. మీకు 26 ఏళ్లు, ఒడిశాలో బరంపురం దగ్గర పల్లె. పెళ్లయి రెండేళ్లు. మీ ఆయన సూరత్‌లో పవర్‌లూమ్ పని చేస్తూ జూన్‌లో వచ్చే ఒడియా రజో పండగకీ, దసరాకీ ఇంటికొచ్చి, పదిహేను ఇరవై రోజులుండి వెళ్తారు. వచ్చిన రాత్రే కలవాలనుకుంటారు. ఆ సమయానికి మీకు కోరిక ఉండదు, కింద తడి ఉండదు, నొప్పీ మంటా. "నేనంటే నీకు ఇష్టం లేదు" అని ఆయన ముఖం చిన్నబుచ్చుకుంటున్నారు. భావప్రాప్తి అంటే ఏమిటో ఇంతవరకు తెలియలేదు. ఇంకా కడుపు పండలేదని అత్తగారు సాధిస్తున్నారు. నొప్పికి కొబ్బరినూనె రాసుకోవచ్చా, నాలో ఏదైనా లోపముందా అని అడిగారు.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది లోపంలా లేదు. ఆయనంటే ఇష్టం లేకపోవడమూ కాదు. మీ ఒళ్లు సిద్ధం కావడానికి కావలసిన వ్యవధి, నిశ్చింత మీకు దొరకడం లేదు. అలాగని నొప్పిని ఓర్చుకోమని చెప్పను. నొప్పి మొదలైందంటే అక్కడితో ఆపేయాలి. ఓర్చుకున్నకొద్దీ అది పెరుగుతుంది, ఎందుకో కింద చెప్తాను. ఒక్కసారి పరీక్ష కూడా చేయించుకోండి, ఎందుకంటే చూడకుండా "ఏమీ లేదు" అని నేను ఖాయం చేయలేను.

నేను ఆడవాళ్ల డాక్టర్ని, బరంపురంలోనే ప్రాక్టీసు. పర్లాకిమిడి, గుణుపురం నుంచి, అటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కూడా మన తెలుగువాళ్లు వస్తారు. మీలా నేరుగా అడిగేవాళ్లు చాలా తక్కువ. "నడుం నొప్పి", "తెల్లబట్ట", "ఒంట్లో నీరసం" అనే చెప్తారు. గుణుపురం వైపు నుంచి ఒకామె తెల్లబట్ట అంటూ ఊరూరా తిరిగి, యాంటీబయాటిక్ కోర్సులు ఒకదాని మీద ఒకటి వాడి వచ్చింది. పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు. వెంట వచ్చిన ఆడబిడ్డను కాసేపు బయట కూర్చోమన్నాక, "మా ఆయనతో ఉన్నప్పుడు నొప్పమ్మా" అని అప్పుడు చెప్పింది. ఆయనా సూరత్‌లోనే. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా రాస్తున్నాను, మీ ఒక్కరి కోసమే కాదు.

ముందు కోరిక సంగతి. కోరిక ముందు పుట్టాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి అని మనందరి బుర్రలో పడిపోయింది. చాలామంది మగవాళ్లకు, కొందరు ఆడవాళ్లకు అలాగే జరుగుతుంది. కానీ ఎంతోమంది ఆడవాళ్లలో వరస వేరు. ముందు మాట, దగ్గరితనం, స్పర్శ. వాటికి ఒళ్లు మెల్లగా స్పందించాక, అప్పుడు కోరిక. రోజ్‌మేరీ బాసన్ అనే కెనడా డాక్టర్ 2000లో ఈ సంగతిని శాస్త్రంగా రాసి చూపించారు. మొదట కోరిక లేకపోయినా దగ్గర కావాలన్న మనసుంటే చాలని, కోరిక దారిలో కలుస్తుందని ఆమె చెప్పింది. పెళ్లయి చాలా ఏళ్లయిన మగవాళ్లలోనూ ఇది కనిపిస్తుంది. కాబట్టి ఆయన గడపలో అడుగు పెట్టగానే మీలో కోరిక లేచి కూర్చోలేదంటే అందులో వింత లేదు. నెలల తరబడి దూరంగా ఉండి వచ్చిన మనిషి. ఫోన్లో రోజూ మాట్లాడినా, పక్కన మనిషిగా ఉండటం మళ్లీ అలవాటు కావాలి.

ఒంటిలో జరిగేది కూడా తెలుసుకోండి, సగం భయం పోతుంది. అమెరికాలో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే ఇద్దరు ప్రయోగశాలలో స్త్రీ పురుషుల శరీరాలు ఎలా స్పందిస్తాయో గమనించి 1966లో పుస్తకం వేశారు. అప్పటిదాకా డాక్టర్లకు కూడా తెలిసింది తక్కువే. ఉద్రేకం మొదలవగానే పొత్తికడుపు కింది భాగానికి రక్తం ఎక్కువగా వస్తుంది. మగవారిలో ఆ రక్తంతోనే అంగం గట్టిపడుతుంది. ఆడవారిలో అదే రక్తం వల్ల యోని పెదవులు ఉబ్బుతాయి, లోపలి గోడల్లోంచి తడి ఊరుతుంది. మామూలప్పుడు ఏడెనిమిది సెంటీమీటర్లుండే యోని లోతు పెరుగుతుంది, లోపలి వైపు వెడల్పవుతుంది, గర్భసంచి పైకి జరుగుతుంది. అంటే చోటు ఏర్పడుతుంది. ఈ మార్పు జరగకముందే ప్రవేశిస్తే యోని గుమ్మం దగ్గర రాపిడి, మంట. లోపల గర్భసంచి ముఖద్వారానికి తగిలి పొడిచినట్టు నొప్పి. మీరు రాసిన నొప్పీ మంటా ఇందువల్లే కావచ్చు.

ఎంతసేపు పడుతుందని అడుగుతారు. గడియారం పెట్టి చెప్పే సంగతి కాదు. ఒకరోజు త్వరగా, ఒకరోజు అరగంటైనా కాదు. మగవాళ్లకు సాధారణంగా నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఆడవాళ్లూ అంతే అనుకుంటారు. అక్కడే వస్తుంది ఇబ్బందంతా.

ఇంకొక మాట. తడి ఉంటే కోరిక ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అని లెక్క కట్టకూడదు. మనసు నిండా ప్రేమ ఉన్నా పాలిచ్చే తల్లికి, ముట్లుడిగిన ఆమెకు, కొన్ని టెన్షన్ మందులు వాడేవారికి తడి రాకపోవచ్చు. అలాగే ఇష్టం లేని చోట కూడా ఒళ్లు తనంతట తాను తడి కావచ్చు, దాన్ని ఒప్పుకోలుగా చూడకూడదు. ఇష్టమా కాదా అన్నది మనిషి నోటితో చెప్పాల్సిందే. ఈ ఒక్క సంగతి మీ ఆయనకు అర్థమైతే "నీకు ఇష్టం లేదు" అన్న మాట ఇంకోసారి రాదు.

ఇక ఒళ్లు ఎందుకు బిగుసుకుంటుంది? అమెరికాలో లైంగిక విషయాల మీద పరిశోధన చేసే కిన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ బాంక్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ చెప్పిన ఒక సిద్ధాంతముంది. మన మెదడులో ఉద్రేకానికి యాక్సిలరేటరూ ఉంది, బ్రేకూ ఉంది. కోరిక లేదంటే అందరూ యాక్సిలరేటర్ చెడిందనుకుని బలం మందుల కోసం పరిగెడతారు. నా దగ్గరకొచ్చే ఆడవాళ్లలో ఎక్కువమందికి సమస్య బ్రేకు దగ్గరే. మీరే రాశారు: రెండు గదుల ఇల్లు, నడిమింట్లో అత్తమామలు, తలుపు గడియ సరిగా పడదు, మంచం చప్పుడు వినపడుతుందని భయం. పొద్దున్నుంచి ఆయన వస్తున్నారని వంట, చుట్టాలు, అలసట. "ఈసారైనా నెల తప్పుతుందా" అన్న అత్తగారి మాట. పోయినసారి నొప్పి గుర్తు. ఇన్ని బ్రేకుల మీద కాళ్లుంటే బండి కదలకపోవడం సహజం.

నొప్పి గుర్తుకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకసారి నొప్పి వచ్చాక మళ్లీ వస్తుందేమోనని యోని చుట్టూ ఉన్న కండరాలు మీకు తెలియకుండానే బిగుస్తాయి. బిగిస్తే ఇంకా నొప్పి. నొప్పితో ఇంకా బిగింపు. ఓర్చుకోవద్దని మొదట్లోనే చెప్పింది అందుకే. ఇది ముదిరితే వేలు కూడా పట్టదు, దాన్ని వెజైనిస్మస్ అంటారు. దానికి ఆపరేషన్ అక్కర్లేదు. కండరాలను వదులు చేయడం, శ్వాస, చిన్నవాటితో మొదలుపెట్టి క్రమంగా అలవాటు చేసే డైలేటర్లనే నున్నటి కడ్డీలు, వీటితో చాలామందికి నయమవుతుంది. మొద్దుబార్చే ఆయింట్‌మెంట్లు మాత్రం సొంతంగా రాసుకోకండి. నొప్పి తెలియనివ్వవు, దెబ్బ మాత్రం తగులుతుంది.

భావప్రాప్తి గురించి. మీకు ఇంతవరకు రాలేదంటే మీరు ఏదో తక్కువ పుట్టారని కాదు. కేవలం ప్రవేశంతోనే భావప్రాప్తి పొందే ఆడవాళ్లు కొద్దిమందే. ఎక్కువమందికి యోనిశీర్షం, అంటే క్లిటోరిస్ దగ్గర స్పర్శ కావాలి. మూత్రం వచ్చే చోటికి పైన, పెదవులు కలిసే చోట చిన్న బొడిపెలా కనిపించేది అదే. బయటికి కనిపించేది కొసమాత్రమే. హెలెన్ ఓ'కానెల్ అనే ఆస్ట్రేలియా సర్జన్ 1998లో శవాలను కోసి చూపించేదాకా దాని అసలు ఆకారం చాలా వైద్య పుస్తకాల్లో కూడా సరిగా లేదు. లోపల రెండు వైపులా కాళ్లలా చాలా దూరం విస్తరించి, యోనిని ఆనుకుని ఉంటుంది. దానికి వెళ్లే నరాల్లో పదివేలకు పైగా పోగులున్నాయని 2022లో లెక్క తేల్చారు. ఇంత సున్నితమైన చోట గట్టిగా రాస్తే చిరాకే వస్తుంది. ఎక్కడ, ఎంత మెల్లగా, ఏది బాగుంది అన్నది మీరే కనుక్కోవాలి, ఆయన చెయ్యి పట్టుకుని చూపించాలి. మీ ఒంటిని మీరు ఒంటరిగా ముట్టుకుని తెలుసుకోవడంలో తప్పూ లేదు, జబ్బులూ రావు. భావప్రాప్తి అంటే ఉద్రేకం పెరిగి పెరిగి ఒక్కసారిగా కటి కండరాలు లయగా బిగుస్తూ వదులవుతూ, ఆ వెంటనే ఒళ్లంతా తేలికపడటం. ప్రతిసారీ రావాలని లేదు. రావాలి రావాలి అని కాచుక్కూర్చుంటే అసలు రాదు.

ఇప్పుడు ఏం చేయాలో. మీ ఆయన రావడానికి ఇంకా వ్యవధి ఉందని రాశారు, అది మంచిదే. ఈ మాటలు పడక మీద కాదు, ఫోన్లో ముందే చెప్పండి. నొప్పి మధ్యలో చెప్పిన మాట తిట్టులా వినిపిస్తుంది. "నువ్వంటే నాకు ఇష్టమే. తొందరగా చేస్తే నొప్పి పుడుతోంది. ఈసారి వచ్చాక మొదటి రెండు మూడు రోజులు లోపలికి వద్దు, ఊరికే దగ్గరగా ఉందాం." ఇంతే చాలు. మాస్టర్స్, జాన్సన్ 1970 పుస్తకంలో జంటలకు చెప్పిన చికిత్స కూడా దాదాపు ఇదే. కొన్నాళ్లు ప్రవేశం పూర్తిగా ఆపించి, ముందు ఒంటిని నిమరడం, తర్వాత ఛాతీ, జననాంగాల స్పర్శ, ఇద్దరూ నిశ్చింతగా ఉన్నప్పుడే మిగతాది. వినడానికి పిల్లాటలా ఉంటుంది. "ఈ రాత్రి అది ఉండదు" అని ముందే తెలిస్తే బ్రేకు దానంతటదే వదులవుతుంది. నా దగ్గర ఫలితం కనిపించిన జంటల్లో ఎక్కువమందికి చేసింది ఇదొక్కటే, మందు బిళ్ల కూడా రాయలేదు.

ప్రవేశం వేళ వచ్చినప్పుడు వేగం మీ చేతిలో ఉండాలి. మీరు పైన ఉండటమో, ఇద్దరూ పక్కకు తిరిగి ఉండటమో సులువు. "ఆగు" అంటే ఆగాలి, అది ముందే ఒప్పందం.

చోటు సంగతి మందుకంటే ముఖ్యమని నా నమ్మకం. తలుపుకు మంచి గడియ పెట్టించండి, పరుపు నేల మీద వేసుకోండి, చప్పుడుండదు. ఇంట్లో వాళ్లు పొలానికో సంతకో వెళ్లే మధ్యాహ్నం వాడుకోండి. రాత్రే కలవాలని నియమమేమీ లేదు. వీలైతే తారాతారిణి దర్శనం పేరు చెప్పి బయల్దేరి, సముద్రం ఒడ్డున గోపాలపురంలో ఒక రాత్రి ఉండి రండి. అమ్మవారి దగ్గరికంటే అత్తగారు కాదనరు. ఒక జంటకు ఇలాగే చెప్పాను. తిరిగొచ్చాక ఆ అమ్మాయి "మొదటిసారి నొప్పి లేదండీ" అంది.

కొబ్బరినూనె రాయొచ్చా? కండోమ్ వాడనప్పుడు కొద్దిగా స్వచ్ఛమైన కొబ్బరినూనె రాసుకుంటే చాలామందికి హాని లేదు. కండోమ్‌తో మాత్రం ఏ నూనే వద్దు. నూనె తగిలితే రబ్బరు బలహీనపడి చిరిగిపోవచ్చు. కండోమ్‌తో నీటి ఆధారిత జెల్ వాడాలి, మందుల షాపులో దొరుకుతుంది. మీరు పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి ఇంకో జాగ్రత్త: చాలా జెల్‌లు, నూనెలు, లాలాజలం కూడా వీర్యకణాల కదలికను కొంత మందగింపజేస్తాయి. గర్భం కోసం ప్రయత్నించేవారికి సరిపడే జెల్ ఏదో అడిగి తీసుకోండి. ఆవనూనె, సెంటు నూనెలు, బామ్‌లు ఎప్పుడూ వద్దు. లోపల సబ్బుతో, డెట్టాల్‌తో కడగడం కూడా మానేయండి. యోనిలో సహజంగా ఉండే ఆమ్లగుణమే ఇన్ఫెక్షన్లు రాకుండా కాస్తుంది, కడిగితే అది పోయి మంట పెరుగుతుంది. బయట నీళ్లు చాలు.

పిల్లల విషయంలో అత్తగారికి ఈ లెక్క చెప్పండి. సంతానలేమి అని డాక్టర్లు అనేది ఏడాది పాటు ఏ అడ్డూ లేకుండా క్రమంగా కలిసినా గర్భం రాకపోతే. మీ ఇద్దరూ రెండేళ్లలో కలిసి ఉన్నది అన్ని రోజులూ కలిపితే మూడు నెలలు కూడా ఉండదేమో. పైగా గర్భం వచ్చే అవకాశం అండం విడుదలయ్యే రోజూ, అంతకుముందు ఐదు రోజులూ, అంతే. 28 రోజులకొకసారి ముట్టు వచ్చేవారిలో అది సుమారుగా తొమ్మిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఉంటుంది. ఆయన వచ్చిన సెలవులో ఆ రోజులు పడకపోతే ఆ నెల లేనట్టే. సెలవు పెట్టేముందు ఒకసారి క్యాలెండర్ చూసుకోండి. ఆ రోజుల్లో కూడా రోజు విడిచి రోజు చాలు, పిల్లల కోసమని రాత్రికి రెండుసార్లు కష్టపడక్కర్లేదు.

మీ ఆయన గురించి కూడా నాలుగు మాటలు, ఆయనకు చదివి వినిపించండి. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో పదిమంది, ఒకటిన్నర రోజు రైలు. అంతదూరం నుంచి ఆశగా వచ్చిన మనిషికి మీ ముఖంలో నొప్పి కనిపిస్తే అది తిరస్కారంలా అనిపిస్తుంది, ఆయన బాధ అబద్ధం కాదు. నెలల విరామం తర్వాత మొదటిసారి త్వరగా స్ఖలనం కావడం మామూలే, దానికి భయపడి గోడల మీద రాసిన "గుప్త రోగాల" నంబర్లకు ఫోన్ చేయొద్దు. ఐదు దేశాల్లో ఐదువందల జంటలతో చేసి 2005లో ప్రచురించిన పరిశీలనలో ప్రవేశం నుంచి స్ఖలనం దాకా మధ్యస్థ సమయం 5.4 నిమిషాలే, అంటే సగంమందికి అంతకన్నా తక్కువే. గంటల కథలు నమ్మి ఎంతోమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తమను రోగులనుకుంటున్నారు. వీర్యం పోతే బలం పోతుందన్న భయం కూడా అంతే, దానికి వైద్యంలో ఆధారం లేదు.

అంగస్తంభన మాత్రం తరచూ సరిగా కాకపోతే వదిలేయకండి. ఇచ్ఛాపురం నుంచి ఒకామె, లారీ డ్రైవరైన భర్తకు ఇంకెవరో ఉన్నారని ఏడుస్తూ వచ్చింది. ఆయన్ని పంపమని షుగరు చూస్తే చాలా ఎక్కువ. ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. అంగానికి వెళ్లే రక్తనాళాలు సన్నవి, షుగరు, బీపీ, పొగతాగడం దెబ్బ ముందు అక్కడే కనిపించి, తర్వాత గుండెలో కనిపించవచ్చు. ఈ విషయంలో షాపులో అడిగి సిల్డెనాఫిల్ బిళ్లలు కొనకూడదు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు వేసుకుంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇద్దరూ దూరంగా ఉండే జంటలకు ఒకటి చెప్తాను, అనుమానంతో కాదు. ఒకసారి ఇద్దరూ హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షకు ఐసీటీసీ కేంద్రాలుంటాయి, ఉచితం, వివరాలు బయటపెట్టరు. గర్భానికి ముందు ఎలాగూ చేయించుకోవలసినవే.

మీరు అడగలేదు కానీ చదివే వేరేవాళ్లలో ఉండొచ్చు: వద్దన్నా బలవంతం చేసే భర్త విషయం పైన రాసిన దేని కిందికీ రాదు. అక్కడ సమస్య ఆమె ఒంట్లో లేదు. 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా ఉంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు.

పరీక్షకు తప్పకుండా వెళ్లాల్సినవి ఇవి: దుర్వాసనతో తెల్లబట్ట, దురద, పుండ్లు, కలిసిన తర్వాత రక్తం, జ్వరంతో పొత్తికడుపు నొప్పి, ప్రతి ముట్టుకూ మెలిపెట్టే నొప్పి ఉండి కలయికలోనూ లోపల లోతుగా నొప్పి. ఈ చివరిది ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు కావచ్చు, దానికి పిల్లలు పుట్టడంతో సంబంధముంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి. బరంపురంలోని ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆడవాళ్ల ఓపీకి వెళ్లొచ్చు, మీ బ్లాక్ ఆసుపత్రిలో అడిగినా చెప్తారు. అక్కడ తెల్లబట్ట అని చెప్పకుండా "భర్తతో కలిసినప్పుడు నొప్పి" అని సూటిగా చెప్పండి. చెప్పకపోతే వాళ్లు వేరే దానికి మందు రాస్తారు. లోపలి పరీక్షలో నొప్పి పుడితే ఆపమనండి, ఆ హక్కు మీకుంది. వెంట అత్తగారు వచ్చినా డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి.

ఈ లోపు నాకు మూడు సంగతులు రాయండి. నొప్పి గుమ్మం దగ్గరా, లోతుగానా, రెండు చోట్లా? మీ వేలు ఒకటి నొప్పి లేకుండా పడుతుందా? ముట్టు ఎన్ని రోజులకొకసారి, ఆ రోజుల్లో నొప్పి ఎంత? అవి తెలిస్తే మీ ఆయన వచ్చేలోపు ఇంట్లో చేసుకోగలిగిందేమిటో, ఆసుపత్రికి ఎంత త్వరగా వెళ్లాలో చెప్పగలను.